మట్టికోట మీదుగా ఇద్దరు

శుక్రవారం పొద్దున మొగిలయ్య వచ్చి గేటు బాదేసరికి తాహెరా బేగం మంచం మీద కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. వీపుకు మూడు దిండ్లు పెట్టుకొని రాత్రంతా అలాగే గడిపింది. పాదాలు ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఎంతసేపటికీ పైకి రావడం లేదు.

ఆమెకు యాభై నాలుగేళ్లు. రెండు కిడ్నీలూ చెడిపోయి మూడేళ్లయింది. సోమ, బుధ, శుక్రవారాలు దవాఖానకు పోయి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్ మీద పడుకుంటే తప్ప ఒంట్లో పేరుకున్న నీళ్లు బయటికి పోవు. ఈ వారం సోమవారం ఒక్కటే పోగలిగింది. తుఫాను వాన మంగళవారం మొదలై బుధవారమంతా కురిసింది. గురువారానికి వాన సన్నబడింది గాని, వరంగల్ కోట చుట్టూ పల్లంలో ఉన్న కాలనీలన్నీ చెరువులైపోయాయి. తాహెరా ఇంటి వాకిట్లో మోకాలి లోతు నీళ్లున్నాయి. కొడుకు ఒవైస్ లారీ డ్రైవరు, నాగపూర్ నుంచి వస్తూ దారిలో చిక్కుకున్నాడు. కోడలు ఫిర్దోస్ ఇరవై రోజుల బాలింత. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, బండి లోపలికి రాలేదు, సాయంత్రానికి పడవ వస్తుంది అన్నారు. సాయంత్రమైంది, తెల్లారింది. పడవ రాలేదు. ఈలోపు ఫోన్‌లో చార్జింగ్ కూడా అయిపోయింది.

"ఎవరో పెద్దమనిషి వచ్చిండు అమ్మీ. మొగిలయ్యనట," అంది ఫిర్దోస్.

తాహెరాకు నమ్మబుద్ధి కాలేదు. దవాఖానలో ఆమెది నాలుగో నంబరు మంచం, మొగిలయ్యది ఐదో నంబరు. మూడేళ్లుగా వారానికి మూడు రోజులు పక్కపక్కన పడుకొని, మిషన్ల చప్పుడులో కష్టసుఖాలు చెప్పుకున్నవాళ్లే. ఒకరి ఇంటికి ఒకరు ఎన్నడూ వచ్చింది లేదు. అతను కోట లోపల ఉంటాడనీ, మునుపు ధాన్యం మార్కెట్లో హమాలీ పని చేశాడనీ మాత్రం ఆమెకు తెలుసు.

మొగిలయ్య లోపలికి వచ్చాడు. నడుం దాకా తడిసి ఉన్నాడు. మొహం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి.

"లే అక్కా, పోదాం."

"యాడికి పోతం మొగిలన్నా? రోడ్లన్నీ నీళ్లేనాయె."

"రోడ్డు మీంచి ఎవరు పొమ్మన్నరు? మట్టికోట మీంచి పోదాం. నేను గట్లనే వచ్చిన. మీదికెక్కి నడుసుకుంట పోతే రైలు పట్టాల దగ్గర్దాక పోవచ్చు. పట్టాలు దాటినమంటే దవాఖాన."

వరంగల్ కోటకు రాతిగోడ ఒక్కటే కాదు, దాని అవతల దూరంగా కాకతీయుల కాలంనాటి మట్టిగోడ కూడా ఉంది. ఏడెనిమిది వందల ఏళ్ల వానలకు కరిగి కరిగి ఇప్పుడది చెరువుకట్టలా కనిపిస్తుంది. నాలుగు నిలువుల ఎత్తుంటుంది. పైన సర్కారు తుమ్మ, తంగేడు, సీతాఫలం చెట్లు. రోడ్ల కోసం అక్కడక్కడ కోసేస్తే గండ్లు పడ్డాయి. తాహెరా ఇల్లు తూర్పున. దవాఖాన పడమటి దిక్కు, పట్టాల అవతల. కట్ట మీద సగం చుట్టు తిరిగి పోవాలి. నాలుగు కిలోమీటర్లకు తక్కువ ఉండదు.

"వాకిట్ల దాక నడిస్తెనే దమ్మొస్తాంది నీకు. అంత దూరం ఎట్ల పోతవ్ అమ్మీ?" ఫిర్దోస్ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఈడ కూసుంటే రేపటికి ఆ దమ్ము గూడ ఉండదు బేటా. నువ్వు పిల్లను సూసుకో," అంటూ తాహెరా లేచింది.

దవాఖాన ఫైలును ప్లాస్టిక్ కవర్లో చుట్టి మెడకు కట్టుకుంది. ఎడమచేతికి మోచేతి దాకా ఇంకో కవరు చుట్టింది ఫిర్దోస్. మిషన్ సూదులు గుచ్చేది ఆ చేతికే. దానికి దెబ్బ తగలకూడదు, దానితో బరువు పట్టకూడదు. మొగిలయ్యదీ అదే తీరు, అతనికీ ఎడమచెయ్యే. కాబట్టి ఇద్దరికీ కలిపి ఎక్కడానికి, పట్టుకోవడానికి రెండు కుడిచేతులే ఉన్నాయి.

కట్ట ఎక్కడానికే అరగంట పట్టింది. ఎర్రమట్టి సబ్బులా జారుతోంది. మొగిలయ్య తుమ్మకొమ్మ పట్టుకొని నాలుగు అడుగులు పైకి పోయి చెయ్యి ఇచ్చేవాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకొని మోకాళ్ల మీద పాకేది. పైకి చేరాక ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేకపోయారు. కింద ఎటు చూసినా మట్టిరంగు నీళ్లు, వాటిలోంచి తేలినట్టు స్లాబులు, నీళ్ల ట్యాంకులు, కరెంటు స్తంభాలు. కట్ట మీద మాత్రం ప్రాణమున్నదల్లా ఎక్కి కూర్చుంది. మేకలు, కుక్కలు, కోళ్లు, రెండు గేదెలు. ఒకచోట దారికి అడ్డంగా పెద్ద జెర్రిపోతు పడుకొని ఉంది. కర్ర తీసి కొట్టే ఓపిక వాళ్లకు లేదు, అది లేచి పోయే తొందరలో లేదు. ఎంతసేపో నిలబడి, చివరికి తుమ్మముళ్లలోంచి పక్కకు తప్పుకొని పోయారు.

మొదట ముప్పై అడుగులకు ఒకసారి ఆగుదామనుకున్నారు. కొంత దూరం పోయాక అవి ఇరవై అయ్యాయి, తర్వాత పది. ఆగిన ప్రతిసారీ తాహెరా ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని గాలి కోసం పెనుగులాడేది. ఛాతీలో ఏదో బుడబుడమంటోంది.

అన్నిటికంటే దప్పిక ఎక్కువగా ఉంది. వాళ్లు రోజుకు తాగాల్సింది అర లీటరు నీళ్లే. అంతకు మించితే అవి పోయేది ఊపిరితిత్తుల్లోకే. కళ్లముందు ఊరంతా నీళ్లు. ఆకుల మీంచి నీళ్లు, నెత్తిమీద సన్నటి తుంపర. తాహెరా నాలుక అంగిటికి అంటుకుపోయింది. కొంగుకు కట్టుకున్న లవంగాల్లోంచి ఒకటి తాను నోట్లో వేసుకొని ఒకటి మొగిలయ్యకు ఇచ్చింది.

"సోడా తాగాలని ఉన్నది అక్కా. గోలీసోడా. సల్లగ, ఒక్కదమ్ముల."

"దాని ముచ్చట తియ్యకు మొగిలన్నా, నీకు దండం పెడ్త."

మొదటి గండి దగ్గర నీళ్లు పిక్కల దాకే ఉన్నాయి. జారుతూ కిందికి దిగి, రోడ్డు దాటి, మళ్లీ ఎక్కారు. రెండోదాని దగ్గర నడుం దాకా వచ్చాయి. అవతల ఎక్కేటప్పుడు తాహెరా జారి కిందికి పోయింది. ఎడమచెయ్యి నేలకు తగలకుండా పైకెత్తి పట్టుకోవడంతో మొహం మట్టిలో గుద్దుకుంది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. రెండోసారి ఎక్కింది. పైకి రాగానే ఒక సీతాఫలం చెట్టు మొదట్లో కూలబడి, ఇక లేవలేదు.

"నువ్వు పో మొగిలన్నా. నాతోని కాదు."

అతను ఆమె పక్కనే కూర్చున్నాడు.

"పో అంటాన కద. నా గురించి నువ్వెందుకు ఆగమైతానవ్? మా ఇంటికి రాకపోతే నీకు రెండు మైళ్ల నడక తప్పేది. ఈపాటికి దవాఖానల ఉందువు."

మొగిలయ్య ఒక పుల్ల తీసుకున్నాడు. కాళ్లకు పట్టిన మట్టిని పుల్లతో గీకుతూ కూర్చున్నాడు. తర్వాత ఆమె వైపు చూడకుండానే చెప్పాడు.

"నీ కోసం వచ్చిననుకుంటానవా అక్కా? కాదు. నిన్న మా ఇండ్లల్లకు నీళ్లొస్తే మమ్ములందర్ని బడి మీది అంతస్తుల ఉంచిండ్రు. పొద్దుగూకంగ నేను ఫైసలా చేసుకున్న, ఇగ పోవద్దని. మూడేండ్లాయె, సూదులు, మిషను, ఆకలి, దప్పిక. సాలనిపించింది. నా పెండ్లాం యాకమ్మ ఏడ్సింది. అయినా పోనన్న. పొద్దున లేవంగనే నువ్వు యాదికొచ్చినవ్. నిన్ను తీస్కపోవాలంటే నేను లేవాలె గద. ఒక్కన్ని అయితే ఆ బడిలనే పండుకునేటోన్ని. నువ్వు ఈడ కూసుంటే నేను గూడ ఈన్నే కూసుంట. అంతే."

తాహెరా అతని మొహంలోకి చూసింది. అతను బెదిరించడం లేదు, బతిమాలడమూ లేదు. ఉన్నమాట చెప్పి ఊరుకున్నాడు. ఆమెకు ముందు కోపం వచ్చింది. తన ఊపిరే తనకు బరువుగా ఉంటే, ఇంకో మనిషి ప్రాణం కూడా తెచ్చి తన ఒళ్లో పెట్టాడు. ఆ కోపంతోనే చెట్టుకొమ్మ పట్టుకొని లేచింది.

"లే. నడువు," అంది.

అతను వెంటనే లేవలేకపోయాడు. కాళ్లు మడతపడ్డాయి. రెండోసారి ప్రయత్నిస్తే గాని నిలబడలేదు.

"ఏమైంది?"

"కాళ్లు బరువైతానయ్. బురద గద."

ఆమె అతని కాళ్ల వైపు చూసింది. మట్టిని అప్పుడే గీకేసుకున్నాడు. కానీ అడిగే ఓపిక లేక ముందుకు నడిచింది. అక్కడి నుంచి ఆమె ముందు, అతను వెనక.

మూడో గండిలో నీళ్లు మనిషి లోతు పారుతున్నాయి. పక్కనే పంక్చర్ షాపు, రేకుల దాకా మునిగిపోయింది. షాపు నడిపే వీరభద్రం, అతని భార్య సావిత్రి కట్ట మీద టార్పాలిన్ కట్టుకొని ఉన్నారు. వీరభద్రం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు కట్టి, లారీ ట్యూబు మీద జనాన్ని దాటిస్తున్నాడు. వీళ్లిద్దరి మొహాలు చూసి సావిత్రి హడలిపోయింది.

"అయ్యో, ఏం తిన్నరో ఏమో. కూసో అవ్వా," అంటూ నాలుగు సీతాఫలాలు తెచ్చి ఒళ్లో పోసింది. చెంబుతో నీళ్లు తెచ్చింది.

"మేము తినొద్దు బిడ్డా. పండ్లు తింటే మా గుండె ఆగుతది. నీళ్లు గూడ ఒక్క గుక్కనే," అంది తాహెరా.

సావిత్రికి అర్థం కాలేదు. ఇంత తడిసి, ఇంత అలసి వచ్చినవాళ్లు నీళ్లు వద్దనడం ఆమె ఎన్నడూ వినలేదు. తాహెరా ఒక గుక్క పుక్కిలించి సగం ఉమ్మేసింది. మొగిలయ్య చెంబును కాసేపు చేతిలో పట్టుకొని, పెదవులు తడుపుకొని తిరిగి ఇచ్చేశాడు.

వీరభద్రం ముందు తాహెరాను దాటించాడు. ఆమె ట్యూబును కుడిచేత్తో కరుచుకొని కళ్లు మూసుకుంది. తర్వాత మొగిలయ్యను ఎక్కించబోతే అతని చెయ్యి పట్టు నిలవలేదు. వీరభద్రం తన పంచెతో అతన్ని ట్యూబుకు కట్టి, వెంట ఈదుతూ తీసుకుపోయాడు.

"పెద్దాయన పానం మంచిగలేదమ్మా, జల్ది తీస్కపో," అన్నాడు అవతల దించుతూ.

ఇంకా అర కిలోమీటరు మిగిలింది. తాహెరా మొగిలయ్య కుడిచేతిని తన భుజం మీద వేసుకుంది. పది అడుగులు, ఆగడం. పది అడుగులు, ఆగడం. కట్ట దిగాక రైలు పట్టాలు వచ్చాయి. రైళ్లు రెండు రోజులుగా ఆగిపోయాయి. పట్టాల మధ్య కంకరలో కాళ్లీడ్చుకుంటూ అవతలికి చేరేసరికి ఒక ఆటో కనిపించింది. ఇద్దర్నీ చూసి డ్రైవరు ఏమీ అడగకుండానే ఎక్కించుకున్నాడు. అప్పటికి పన్నెండు దాటింది.

డయాలసిస్ వార్డులో కరెంటు లేదు. జనరేటర్ మీద మూడు మిషన్లే నడుస్తున్నాయి. వరండా నిండా రోగులు. అక్షర అనే సిస్టర్ వీళ్లను చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఎట్లొచ్చిండ్రమ్మా మీరు?"

"నడిసి," అంది తాహెరా. ఆ ఒక్కమాటకే ఊపిరి చాలలేదు.

అక్షర ఆమెకు ఆక్సిజన్ పెట్టింది. ఇద్దరి రక్తమూ పరీక్షకు పంపింది. మొగిలయ్య గుండెకు తీగలు పెట్టి చూసి, ఆ కాగితం చేతిలో పట్టుకొనే డాక్టరు దగ్గరికి ఉరికింది. తిరిగొచ్చి అతన్నే ముందు మిషన్ మీద పడుకోబెట్టింది.

"ఒంట్ల పొటాషియం బాగ పెరిగింది. ఇంకో గంట అయితే గుండె ఆగేది. ఏం తిన్నవ్ తాతా?"

మొగిలయ్య కళ్లు దించుకున్నాడు. "నిన్న బడిల అరటిపండ్లే పంచిండ్రమ్మా. ఆకలైంది. నాలుగు తిన్న."

"తినొద్దని తెలుసు గద?"

"తెలుసు."

అక్షర అతని మిషన్ సరిచూసి ఇంకో రోగి దగ్గరికి పోయింది. వరండా బల్ల మీద ఆక్సిజన్ గొట్టంతో కూర్చున్న తాహెరాకు తలుపులోంచి అంతా వినిపించింది. గంటన్నరకు ఒక మిషన్ ఖాళీ అయితే ఆమెనూ పడుకోబెట్టారు. సూది గుచ్చినప్పుడు ఎప్పటిలా చెయ్యి వెనక్కి లాగలేదు. నొప్పి కూడా దూరంగా ఎక్కడో జరుగుతున్నట్టుంది.

రోగులు ఎక్కువగా ఉండడంతో ఒక్కొక్కరికి రెండు గంటలే ఇచ్చారు. మిగతాది రేపు పొద్దున తొమ్మిదింటికి వచ్చి చేయించుకోవాలన్నారు. సాయంత్రం ఐదింటికి తాహెరా వరండాలోకి వచ్చేసరికి మొగిలయ్య గోడవారన నేల మీద కాళ్లు చాపుకొని ఉన్నాడు. మొహం కొంచెం తేటపడింది.

"నేను ఈన్నే ఉంట అక్కా. ఇయ్యాల మళ్ల ఆ కట్ట ఎక్కుడు నాతోని కాదు."

"కట్ట ఎవరెక్కుమన్నరు? మట్టెవాడల మా చెల్లె ఇల్లున్నది. పోదాం పా."

"మీ చెల్లె ఏమనుకుంటదో. నేనెవరో ఆమెకు తెల్వదు."

"ఐదో నంబరు మంచమని చెప్త. లే," అంది తాహెరా.

మట్టెవాడ అక్కడికి దగ్గరే. అయినా నడవడానికి వాళ్లకు ముప్పావు గంట పట్టింది. మధ్యలో మూసిన షాపుల మెట్ల మీద నాలుగుసార్లు కూర్చున్నారు. చెల్లెలు ఐమన్ తలుపు తీసి, అక్క చిట్లిన పెదవినీ ఆమె పక్కనున్న కొత్తమనిషినీ చూసి, ప్రశ్నలన్నీ మింగేసుకొని ముందు చాప పరిచింది. ఆమె ఫోన్ నుంచి ఫిర్దోస్‌కు ఎన్నిసార్లు చేసినా కలవలేదు. పక్కింటివాళ్ల నంబరు దొరికితే వాళ్లతో కబురు చెప్పించారు. యాకమ్మకు చెప్పే దారి మాత్రం దొరకలేదు. బడిలో ఎవరి ఫోనూ మోగడం లేదు.

ఐమన్ జొన్నరొట్టె, ఉప్పు తగ్గించిన పప్పు తెచ్చేసరికి మొగిలయ్య గోడకు తల ఆనించి నిద్రపోయాడు. తాహెరా అతని కంచం మీద మూత పెట్టించింది. తాను సగం రొట్టె తిని చెయ్యి కడుక్కుంది. బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి. ఐమన్ కిటికీ మూసి, "పండుకో అక్కా," అంది. మూడు రాత్రుల తర్వాత తాహెరా చాప మీద వెల్లకిలా పడుకుంది. ఊపిరి ఆడింది. రేపు ఎనిమిదింటికి లేపమని చెల్లెలికి చెప్పబోయి, ఏడింటికే లేపమంది. నడక కదా, గంట ముందు బయలుదేరాలి.