ట్యూబులైటు కింద బేరం

తమలపాకుల చంద్రరావు ఏ గంపనీ పైనుంచి విప్పడు. తుని స్టేషను పక్కన ఉన్న తన షెడ్డులో రైతు గంప దించగానే దాన్ని బోర్లించి, అడుగున పరిచిన అరటాకు తీసి, కింది కట్ట బయటికి లాగి చూస్తాడు. పైన లేతాకు పేర్చి అడుగున మచ్చాకు సర్దే విద్య ఆ చుట్టుపక్కల తోటలన్నిటికీ తెలిసిందే. దానికి విరుగుడు తనకి తెలుసు కాబట్టే ఇరవయ్యేళ్ళలో ఒక డాబా కట్టాడు, ఆడపిల్లలిద్దర్నీ కాన్వెంటులో చదివిస్తున్నాడు, హౌరా దళారులు తన గంపల్ని విప్పకుండానే దించుకునేంత పేరు తెచ్చుకున్నాడు.

అతని లెక్కకి తేలనిది ఒక్కటే. బావమరిది గణేష్‌బాబు, భార్య చిన్నమ్మాయికి తమ్ముడు.

గణేష్‌బాబుకి ముప్పై దగ్గరపడుతున్నాయి. ఒకసారి షెడ్డులో కూర్చోబెడితే, ఇంట్లో పెళ్ళుందని ఒక రైతు కళ్ళనీళ్ళు పెట్టుకోగానే మచ్చాకంతా మంచాకు రేటుకి కొనేశాడు. సైకిలు సామాన్ల కొట్టు పెట్టిస్తే, అడిగినవాడికి లేదనలేక కొట్టే ఖాళీ చేశాడు. "మీ తమ్ముడికి 'వద్దు' అనే మాట నోట్లోంచి రాదే. అది రానివాడు వ్యాపారానికి పనికిరాడు" అనేవాడు చంద్రరావు భార్యతో.

వాడి చేతికి వచ్చిందల్లా గిటారు. పల్లంరాజు ఆర్కెస్ట్రాలో ఎనిమిదేళ్ళుగా లీడు గిటారు గణేష్‌బాబుదే. పెళ్ళిళ్ళు, తీర్థాలు, వినాయకచవితి పందిళ్ళు, ఏది వచ్చినా పల్లంరాజు కీబోర్డు పక్కన వాడికో చోటుంది. ఊళ్ళో వాణ్ణి "గణేష్‌బాబుగారూ" అని పిలిచేది ఆ స్టేజి మైకు ఒక్కటే.

ఆ ఏడాది చవితి ఇంకో వారం ఉందనగా, ప్రోగ్రాం నుంచి తిరిగొస్తుంటే బస్సు టాపు మీద కట్టిన గిటారు తాండవ వంతెన దగ్గర తాడు తెగి జారింది. వెనక వస్తున్న లారీ దాని మీంచి వెళ్ళిపోయింది. పుల్లలు ఏరుకోవడమే మిగిలింది.

పల్లంరాజు మంచివాడే గానీ, పదిమందిని నడుపుకోవాల్సినవాడు. "గురువారం రిహార్సలుకి గిటారుతో వస్తే నీ చోటు నీదే గణేశా. లేదంటే అనకాపల్లి కుర్రాడికి ఫోను చేస్తాను. వాడొచ్చాడంటే మరి వాడే. నన్ను తిట్టుకోకు" అన్నాడు.

చిన్నమ్మాయి మొగుడికి అన్నం వడ్డిస్తూ ఆ సంగతి చెప్పింది. "డబ్బు చేతికిస్తే ఎవరేది అంటగడితే అది మోసుకొచ్చేస్తాడు. మీరే వెళ్ళి చూసి కొనండి. ఆ చోటు కూడా పోతే వాడికింకేం లేదండి" అంది. ఆమె మొగుణ్ణి ఏదీ రెండుసార్లు అడగదు. అందుకే చంద్రరావు బుధవారం పొద్దున్నే షెడ్డు గుమాస్తాకి అప్పగించి, బావమరిదిని వెంటబెట్టుకుని రాజమండ్రి ప్యాసింజరెక్కాడు.

"ఇంతకీ గిటారులో ఏం చూడాలిరా? చెక్కా? తీగలా? రంగా?"

"పికప్ చూడాలి బావా."

"అదేంటి?"

"తీగల కింద ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగితీగ, వేల చుట్లు. పైన తీగ వణికితే ఆ వణుకుని పట్టి ఆంప్లిఫయరుకి పంపేది అదే. అది చెత్తదైతే మిగతా గిటారంతా ఎంత బాగున్నా దండగే."

"అంటే పైకి కనిపించేదానికి కాదు, అడుగున ఉన్నదానికి ఇస్తామన్నమాట డబ్బు."

"మరేంటనుకున్నావు!"

"ఓస్, ఇది నా వ్యాపారమేరా" అని చంద్రరావు కాళ్ళు చాపుకుని సామర్లకోట దాకా కునుకు తీశాడు.

మొదటి కొట్టు కోటగుమ్మం దగ్గర. అద్దాల బీరువాలు, ఫ్యాను, సఫారీ సూటులో యజమాని. నీలం గిటారు ఒకటి దించి ఇచ్చాడు. కలకత్తా సరుకు, నిగనిగలాడుతోంది. గణేష్‌బాబు దాన్ని ఆంప్లిఫయరుకి తగిలించి నాలుగు వరసలు వాయించాడు. చంద్రరావుకి అన్ని గిటార్లదీ ఒకటే మోత. అయినా బావమరిది మొహం వెలగడం చూసి సరుకు బాగుందనే అనుకున్నాడు.

"అడుగు విప్పి చూపిస్తారా?"

"విప్పితే గ్యారంటీ పోతుందండి. కంపెనీ సీలు" అన్నాడు యజమాని.

చంద్రరావుకి అది నచ్చలేదు. కానీ రేపే గురువారం. బేరం మొదలుపెట్టాడు. ఐదువేలన్నది నాలుగువేల రెండొందలకి దిగింది. బనియను జేబులో చెయ్యి పెడుతున్నాడు, ఇంతలో గణేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు.

"ఏమండీ, ఒకసారి ఆ ట్యూబులైటు వేస్తారా?"

"పట్టపగలు ట్యూబులైటెందుకండీ?"

"వెయ్యండి. కరెంటు బిల్లు మా బావ కడతాడు."

యజమాని విసుక్కుంటూ స్విచ్చి వేశాడు. ట్యూబులైటు నాలుగుసార్లు కొట్టుకుని వెలిగింది. దాంతోపాటే ఆంప్లిఫయరులోంచి 'గుయ్‌' మంటూ ఒక మోత లేచింది, కుండలో తేనెటీగల్ని పోసి మూత పెట్టినట్టు. గణేష్‌బాబు తీగల మీద అరచెయ్యి ఆనించాడు. మోత ఆగలేదు.

"చవితి పందిట్లో నా నెత్తిమీద అరడజను ట్యూబులైట్లుంటాయి. వెనకాల జనరేటరు. పాటలో మేం ఆగిన చోటల్లా జనానికి ఇదే వినిపిస్తుంది. వద్దు బావా."

యజమాని ఇంకో మూడొందలు దిగాడు.

"దిగినా వద్దండి."

"పొద్దున్నుంచి బోణీ లేదు బాబూ. మొదటి బేరం మీరు. ఇలా వదిలేసి వెళ్ళిపోతే రోజంతా ఎలా ఉంటుంది చెప్పండి" అన్నాడు యజమాని, గొంతు తగ్గించి.

చంద్రరావు బావమరిది వైపు చూశాడు. ఇక అయిపోయింది, ఈ మాటకి వీడు కరిగిపోతాడు అనుకున్నాడు. గణేష్‌బాబు మొహం నిజంగానే పాలిపోయింది.  గిటారుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"ఏమనుకోకండి. వద్దు" అన్నాడు.

బయటికొచ్చాక చంద్రరావు బావమరిదికి అడక్కుండానే ఒక రోజ్‌మిల్కు కొనిచ్చి, వాడు తాగుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. తను గంప బోర్లిస్తాడు, వీడు ట్యూబులైటు వేయిస్తాడు. తేడా ఎక్కడుంది? వాడికి వద్దనడం రాదని కాదు. ఏ సరుకు దగ్గర వస్తుందో తనిన్నేళ్ళూ చూడలేదు, అంతే.

రెండో కొట్టు చర్చి వెనక సందులో ఉంది. హార్మోనియాలు, పాత కీబోర్డులు, గోడకి వరసగా గిటార్లు. నడుపుతున్నది దీనమ్మ అనే ఆవిడ. యాభై పైబడిన మనిషి, మెడలో గొలుసుకి కళ్ళజోడు, చేతిలో స్క్రూడ్రైవరు. సందు చీకటి కాబట్టి అక్కడ ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. గణేష్‌బాబు అడగాల్సిన పని లేకపోయింది.

తెల్ల గిటారొకటి చూపించింది. మూడువేల ఎనిమిదొందలు. మెడ తిన్నగా ఉంది, చెక్క గట్టిది, చేతికి హాయిగా ఉందన్నాడు గణేష్‌బాబు. కానీ అదీ గుయ్యంది. నీలందానికన్నా తక్కువే గానీ, అంది.

"ఒంటి చుట్ట పికప్పులండి అవి. ఈ రేటులో అన్నీ ఇలాగే అంటాయి. అబద్ధమెందుకు చెప్పాలి" అంది దీనమ్మ.

"అడుగు విప్పి చూపిస్తారా?" అన్నాడు చంద్రరావు.

"చూసుకోండి. స్క్రూలున్నది విప్పడానికే కదా!"

ఆ మాటకి చంద్రరావు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మరలన్నీ తీసి, పికప్పులు బిగించిన తెల్ల ప్లాస్టిక్కు రేకు పైకెత్తింది. అతను ఆత్రంగా వంగి, ఒక పికప్పుని తిప్పి కిందివైపు చూడబోయాడు.

"బావా, లాగకు!"

అప్పటికే లాగాడు. వేలికున్న పగడపు ఉంగరానికి వెంట్రుకలాంటి తీగ తగులుకుంది. టప్పుమని కూడా అనలేదు. దీనమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"లోపలి కొస తెగిందండి. మళ్ళీ చుట్టించాల్సిందే. ఆ చుట్టేవాడు మద్రాసులో ఉన్నాడు."

గణేష్‌బాబు స్టూలు మీద కూలబడ్డాడు. చంద్రరావు తన ఉంగరం వైపు చూసుకున్నాడు. ఆకుల వ్యాపారంలో ఒక కట్టుబాటుంది: చూస్తూ చూస్తూ చింపిన ఆకు చింపినవాడిదే. ఆ కట్టుబాటు పేరు చెప్పి అతను ఎంతమంది చేత ఎన్ని కట్టలు కొనిపించాడో! ఇప్పుడీ గిటారు కొనక తప్పదు. కొంటే ఇంకోటి కొనడానికి డబ్బు లేదు. రేపు దీంతో రిహార్సలుకి వెళ్ళడానికీ లేదు. చిన్నమ్మాయి మొహం కళ్ళముందు మెదిలింది.

అయినా డబ్బు తీశాడు. "నా చేత్తో చెడింది. పూర్తి రేటు తీసుకోండమ్మా."

"అదేంటండీ! విప్పింది నేను. ఉంగరం తీయమని చెప్పాల్సింది నేను. చెడిన సరుక్కి మూడువేల ఎనిమిదొందలు తీసుకుని ఆదివారం ప్రార్థనకెలా వెళ్ళను? రెండున్నర ఇవ్వండి చాలు."

"రెండున్నరేంటి! మూడున్నరకి ఒక్క పైసా తగ్గను."

"రెండున్నర దాటితే నేనమ్మను."

"చూడమ్మా, ఇరవయ్యేళ్ళ వ్యాపారం నాది..."

"నాది పాతికేళ్ళండి!"

గణేష్‌బాబుకి అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. "బావా, నువ్వు రేటు పెంచుతున్నావు. తెలుస్తోందా?"

"మీ బావగారికి ఒంట్లో బాగానే ఉందా బాబూ?" అంది దీనమ్మ.

నవ్వుతూనే తల తిప్పిన గణేష్‌బాబు చూపు బల్ల కిందికి పోయింది. అక్కడ ఒక ఎర్ర గిటారు పడి ఉంది, మెడ దగ్గర రెండు ముక్కలుగా విరిగి.

"దీంట్లో ఉన్నది రెండు చుట్టల పికప్పేనాండీ?"

"అదేనండి. లారీలో వస్తూ మెడ విరిగింది. పికప్పు మటుకు మంచిది. ఒక చుట్టలో పుట్టిన గుయ్యిని రెండో చుట్ట ఎదురుతిరిగి చంపేస్తుంది. ఏం లాభం? వచ్చినవాళ్ళందరికీ గిటారు కావాలి, పికప్పు ఒక్కటీ ఎవడడుగుతాడు?"

చంద్రరావు ఎర్ర గిటారు వైపు చూశాడు, తెల్ల గిటారు వైపు చూశాడు. వర్షాకాలంలో రోజూ షెడ్డులో చేసే పనే ఇది. సగం చెడిన గంపలు రెండు వస్తే, రెంటినీ విప్పి మంచాకు ఏరి ఒక గంప కడతారు. ఆ ఒక్క గంపా హౌరా వెళ్తుంది.

"అమ్మా, దాని పికప్పు దీంట్లో పెడితే?"

దీనమ్మ కొలిచి చూసింది. "పడుతుంది గానీ వెడల్పు ఎక్కువండి. రేకు కొయ్యాలి. చూడ్డానికి బాగోదు."

"కింద కూర్చున్న జనానికి రేకు కనిపించదండి. కొయ్యండి" అన్నాడు గణేష్‌బాబు.

ఆవిడ హాక్సా బ్లేడుతో రేకు కోసింది, సోల్డరింగు ఐరను వేడి పెట్టింది. చంద్రరావు ఉంగరం తీసి జేబులో వేసుకుని, ఆవిడ పట్టుకోమన్నది పట్టుకున్నాడు. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. ముగ్గురూ చెమటలు కక్కుకుంటూ కూర్చున్నారు. వచ్చాక మళ్ళీ మొదలుపెట్టి, మూడు దాటుతుండగా చివరి మర బిగించింది.

గణేష్‌బాబు ఆంప్లిఫయరు వాల్యూము పూర్తిగా తిప్పాడు. నెత్తిమీద ట్యూబులైటు వెలుగుతోంది. ఆంప్లిఫయరులోంచి ఏమీ రాలేదు. చెడిపోయిందేమోనని చంద్రరావు ఆంప్లిఫయరు మీదికి వంగాడు. అప్పుడు గణేష్‌బాబు ఒక్క తీగ మీటాడు. సందు చివర సైకిలు మీద వెళ్తున్నవాడు కాలు దించి వెనక్కి చూశాడు.

చంద్రరావు జీవితంలో చాలా సరుకు కొన్నాడు. చప్పుడు లేకపోవడాన్ని డబ్బిచ్చి కొనడం అదే మొదలు.

రెంటికీ కలిపి మూడువేలకి తెగింది. అంతకుమించి ఒక్క రూపాయి ముట్టుకోనంది దీనమ్మ. పైగా ఒక తీగల సెట్టు కొసరు వేసింది. చంద్రరావు దేవుడి ముందు తప్ప ఎవరికీ చేతులు జోడించే మనిషి కాడు. గడప దిగి, మళ్ళీ వెనక్కెక్కి రెండు చేతులూ జోడించాడు.

"దణ్ణాలెందుకండీ బాబూ! ఇంకో నలుగుర్ని పంపండి, అది చాలు" అంది ఆవిడ.

తిరుగు రైల్లో అలవాటుగా రోజు లెక్క చూసుకోబోయాడు. ఎంత చూసినా రావాల్సినదానికన్నా ఎక్కువే వచ్చినట్టు తేలుతోంది. అడుగు విప్పనన్న సఫారీ సూటు ఆసామికి రుణపడ్డాడు. విప్పిన దీనమ్మకి రుణపడ్డాడు. తెగిన తీగకీ, చెప్పిన చోట ఉండని తన చేతికీ రుణపడ్డాడు. ఎదురు సీట్లో గిటారుని ఒళ్ళో పెట్టుకుని, కోసిన రేకు అంచుని గోటితో నునుపు చేసుకుంటున్నవాడి దగ్గరికొచ్చేసరికి, ఎన్నేళ్ళ నుంచి లెక్క మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు. ఇంట్లోనే ఒక వ్యాపారి ఉన్నాడు. తను పైనుంచి విప్పి చూసి పక్కన పెట్టేశాడు.

గురువారం పాత మిల్లు షెడ్డులో రిహార్సలు. చంద్రరావూ వెంట వెళ్ళాడు. పల్లంరాజు గిటారు చూసి కనుబొమలెగరేశాడు.

"ఇదేంట్రా, ఎలక కొరికినట్టుంది?"

గణేష్‌బాబు వైరు తగిలించి వాయించాడు. డ్రమ్ములవాడు అందుకున్నాడు. పాటలో అందరూ ఒక్కసారి ఆగే చోటు వచ్చింది. ఆగారు. షెడ్డు పైకప్పు మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినిపించింది. పల్లంరాజు కీబోర్డు వెనకనుంచి లేచి, తన కుడిపక్కనున్న వైర్లన్నీ కాలితో పక్కకి నెట్టాడు.

"అక్కడ నిలబడ్డావేంటి? నీ చోట్లోకి రా."

అని చంద్రరావు వైపు తిరిగాడు. "మంచి సరుకు పట్టారండి. దసరాకి మాకో మిక్సరు కొనాలి. మీరూ ఒకసారి వచ్చి చూసిపెట్టాలి చంద్రరావుగారూ."

"నేనా? నాకు మోత తప్ప ఏం తెలుసండీ! గణేష్‌బాబుని తీసుకెళ్ళండి. వాడు ఊఁ అంటే కొనండి. వద్దంటే ఎంతకిచ్చినా ముట్టుకోకండి."

గణేష్‌బాబు తల వంచి, శ్రుతిలోనే ఉన్న తీగని చాలాసేపు సరిచేస్తూ ఉండిపోయాడు.