బరాత్‌కు గేటు పడింది

కొత్తగూడెం బజారును రెండు ముక్కలు చేస్తూ పట్టాలు పోయే చోట సోని గేట్‌మన్‌గా చేరి తొమ్మిదేళ్లయింది. ఉద్యోగం పేరులో మగాడున్నా చేసేది ఆడమనిషే. చండ్రుగొండ దగ్గరి తండాలో చదువుకుని, పరీక్ష రాసి తెచ్చుకున్న నౌకరీ అది. ఈ తొమ్మిదేళ్లలో ఆమె తినని తిట్టు లేదు. గేటు వేస్తే ఒక తిట్టు, తీయడం ఆలస్యమైతే రెండు. ఆటోవాళ్లు, బస్సువాళ్లు, బడి పంతుళ్లు, అందరూ ఆ గేటు ముందు నోరు పారేసుకున్నవాళ్లే.

ఇంకో పది రోజుల్లో ఆ తిట్లకూ కాలం చెల్లబోతోంది. నెత్తి మీద ఫ్లైఓవర్ తయారై, ప్రారంభానికి ఎదురుచూస్తోంది. దాని కోసం బజారు పొడుగునా దుకాణాల ముఖాలు కోసేశారు. గోడల లోపలి రంగులు, మేడల మీది వంటిళ్లు రోడ్డుకు కనబడుతున్నాయి. గేటు పక్కనే ఉన్న ముస్తకీమ్ గాజుల దుకాణానికి వెనక సగమే మిగిలింది. గేటు పడినప్పుడు ఆగిన ఆడవాళ్లే ఆయన గిరాకీ. అయినా ఆ శుక్రవారం ముస్తకీమ్‌కు దుకాణం గుర్తే లేదు. కూతురు మలికా పెళ్లి. వరుడు పర్వేజ్‌ది సత్తుపల్లి. మగపెళ్లివారిని పట్టాలకు ఇవతల స్టేషన్ దగ్గరి లాడ్జిలో దించారు. ఫంక్షన్ హాలు పట్టాలకు అవతల. సాయంత్రం అసర్ నమాజు కాగానే నిఖా.

సాయంత్రం నాలుగింటికి స్టేషన్ నుంచి ఫోను వచ్చింది, బొగ్గు బండి వస్తోందని. సోని చక్రం తిప్పి గేటు దించింది. బండి వచ్చింది, సగం దాటింది, సిగ్నల్ దొరక్క సరిగ్గా రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. అటు చూస్తే బొగ్గు పెట్టెలు, ఇటు చూస్తే బొగ్గు పెట్టెలు.

అప్పుడే వచ్చింది బరాత్. ముందు వజీర్ మాస్టర్ బ్యాండు, వెనక తెల్ల గుర్రం మీద ముఖం నిండా పూల సెహ్రాతో పెళ్లికొడుకు. దారి మూసుకుపోయిందని వజీర్ మాస్టర్ ఏం వెనక్కి తగ్గలేదు. నిలబడ్డ చోటే ఊపు పెంచాడు. మొదట పెళ్లివారు ఆడారు. కాసేపటికి ఆటోవాళ్లు దిగి ఆడారు. ఆగిన బస్సులోంచి కండక్టరు టికెట్ల సంచి భుజాన వేసుకునే దిగి కాలు కలిపాడు. హారన్లు కూడా తాళంలోనే మోగుతున్నాయి.

సోని కిటికీలోంచి చూస్తుండగా వెనక తలుపు దబదబ మోగింది. తీస్తే బురఖాలో మలికా. కింది నుంచి ఎర్రటి పెళ్లిబట్టల అంచు తొంగిచూస్తోంది.

“సోనక్కా, జల్దీ నన్ను యాడన్న దాచు.”

సంగతేమిటంటే, మలికా ముస్తాబు కోసం ఇవతలి పార్లర్‌కు వచ్చింది. తిరిగి హాలుకు పోతూ ఆటో సందులోంచి బయటపడగానే సొంత బరాత్ నడిమధ్యలో ఇరుక్కుంది. నిఖాకు ముందు పెళ్లికొడుకు కంటబడితే నానమ్మ ఊరుకోదు. అది చాలదన్నట్టు పెళ్లికొడుకు మేనత్త ఆటోలోకి తల పెట్టి, పెళ్లికూతురిని పెళ్లికూతురని తెలియక, దిగి రెండడుగులు వేయమని చెయ్యి పట్టి గుంజిందట. మలికా ఆవిడతో నాలుగడుగులు వేసి మరీ తప్పించుకొచ్చింది.

గేటు గదిలోకి బయటివాళ్లను రానివ్వకూడదు. తొమ్మిదేళ్లలో సోని ఆ రూలు ఒక్కసారీ తప్పలేదు. ఈసారి మాత్రం మలికా రెక్క పట్టి లోపలికి లాగి గొళ్లెం పెట్టింది. పెట్టాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇక నవ్వు ఆగలేదు. బ్యాండు చప్పుడులో ఎవరికీ వినబడదన్న ధైర్యంతో కడుపు పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు సగంలో ఉండగానే కిటికీ దగ్గర పూలు కదిలాయి. గుర్రం దిగి వచ్చిన పెళ్లికొడుకు. సెహ్రా వెనక నుంచి మెత్తటి గొంతు వచ్చింది. “అక్కా, తాగటానికి కొంచెం నీళ్లిస్తారా? గొంతు ఎండిపోతోంది.”

మలికా కిటికీ కింద గోడకు అతుక్కుపోయింది. సోని కుండ దగ్గరికి పోబోతుంటే స్టేషన్ ఫోను మోగింది. అది ఎత్తక తప్పదు. ఎత్తి, మలికా వైపు కళ్లతోనే సైగ చేసింది. మలికా గ్లాసు నింపి, వంగిన చోట నుంచే చెయ్యి మాత్రం పైకి చాపింది.

పర్వేజ్ గ్లాసు అందుకున్నాడు. చెయ్యి వెనక్కి పోతూ అరచెయ్యి విచ్చుకుంది. గోరింటాకు తీగల మధ్య, వెతికితే గానీ దొరకని చోట, అతని పేరు ఉంది. అతను వెతక్కుండానే దొరికింది.

గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. సోని ఫోను పెట్టేసి వచ్చేసరికి అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“అక్కా,” అన్నాడు, గొంతు బాగా తగ్గించి, “లోపలున్నవాళ్లు నాకంటే ముందు హాలుకి చేరాలి కదా?”

“చేరాలె మరి.”

“అయితే గేటు ఆరాంగా తీయండి. ఇవాళ మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకుండా నేను చూసుకుంటాను.” నీళ్లు ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కిటికీలో జాగ్రత్తగా పెట్టి, వెళ్లి మళ్లీ గుర్రం ఎక్కాడు.

బండి కదిలింది. చివరి పెట్టె దాటిపోయింది. సోని అటూ ఇటూ చూసి, మరో బండి లేదని స్టేషన్‌ను అడిగి తెలుసుకుంది. గేటు ఎత్తకుండానే మలికా చెయ్యి పట్టుకుని పట్టాల మీదికి నడిపించింది. వెనక హారన్లు మొదలయ్యాయి. అంతలో పర్వేజ్ గుర్రం మీద నిలబడ్డంత పనిచేసి ఆడడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా కట్టెలా కూర్చున్న పెళ్లికొడుకు ఆడుతుంటే ఇక పట్టాల వైపు చూసేదెవరు? వజీర్ మాస్టర్ బుగ్గలు పగిలేలా ఊదాడు. గుర్రం కూడా ముందుకాళ్లు మార్చి మార్చి వేసింది.

మలికా బట్టలు పైకెత్తి పట్టుకుని, నవ్వుతూ, తూలుతూ అవతలి గట్టెక్కి, కనబడ్డ మొదటి ఆటోలో దూరింది. సోని వెనక్కి పరుగెత్తుకొచ్చి చక్రం తిప్పింది. నిమిషమున్నర ఆలస్యం. బరాత్ వరదలా పట్టాలు దాటింది. దాని వెనక లారీ డ్రైవరొకడు తల బయటపెట్టి, నిద్రపోయినవా అని కసిరాడు. సోని అతనికి పచ్చజెండా ఊపి నమస్కారం పెట్టింది. అతను తల లోపలికి లాక్కుని గేరు మార్చాడు.

చీకటి పడే వేళకు ముస్తకీమ్ పెళ్లి విందులోని ఖుబానీ మీఠా గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. నిఖా టైముకే అయిందన్నాడు. ఒక్కటే విచిత్రం. ఈ పెళ్లి ఖబూలేనా అని ఖాజీ సాబ్ అడిగితే మలికా జవాబివ్వకుండా పకపకా నవ్విందట. రెండోసారి అడిగినా నవ్వే. మూడోసారికి అవతల గదిలోంచి పెళ్లికొడుకు నవ్వు కూడా వినబడిందట. ఆనక ఎలాగో ఖబూల్ అంది.

“ఏమైందో ఎవరికి సమజ్ కాలే. నీకేమన్న తెలుసా బేటీ?”

నోటి నిండా మీఠాతో సోని తల అడ్డంగా ఊపింది. మింగడానికి మాత్రం ఆమెకు చాలాసేపు పట్టింది.