నడుం నమ్మిన కుర్చీ

విజయనగరంలోని ఆ కుర్చీల షాపులో అడుగుపెట్టి పది నిమిషాలైనా కాలేదు, ఎల్లాజీకి అప్పుడే ముగ్గురి మీద అనుమానం వచ్చేసింది. మొదటివాడు షాపు యజమాని నరసింగరావు. అడక్కుండానే టీ తెప్పించాడు. ఊరూ పేరూ తెలియనివాడికి టీ ఎందుకు పోస్తాడు మనిషి? రెండోది అమ్మకాలు చూసే పిల్ల రాజకుమారి. ఎల్లాజీ ఏ కుర్చీ మీద చెయ్యి వేస్తే అదే మంచిదంటోంది. చెయ్యి పడ్డ ప్రతి కుర్చీ మంచిదైపోతే ఇక చెడ్డ కుర్చీలు ఎక్కడ తయారవుతున్నట్టు? మూడోది ఎదురుగా ఉన్న నల్ల కుర్చీ. దానికి ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యలేదు. తొడుగు వెనక ఏ చిరుగు దాచారో ఆ పైడితల్లికే తెలియాలి.

అతని అనుమానానికి కారణం లేకపోలేదు. సాలూరు నుంచి రాయపూర్‌కి ఇరవయ్యారేళ్ళు లారీ తోలిన మనిషి. చూపు మందగించి స్టీరింగు వదిలేసి మూడేళ్ళయింది. కూతురు హేమ ఇంట్లోనే కూర్చుని ఓ వైజాగు కంపెనీకి ఇన్సూరెన్సు కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. రోజుకి తొమ్మిది గంటలు. కిందటి దసరాలకి ఆమెకి కుర్చీ కొన్నది ఎల్లాజీయే. రోడ్డు పక్క షాపులో రెండంటే రెండు నిమిషాలు కూర్చున్నాడు. దూదిలో కూర్చున్నట్టుంది. మురిసిపోయి ఆటో ఎక్కించేశాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. రెండు నెలల్లో స్పాంజి అప్పడమైపోయింది. సీటు ఎంత పైకి లేపినా పది నిమిషాల్లో కిందకి దిగిపోయేది. హేమ మాత్రం నోరెత్తలేదు. నాన్న ముచ్చటపడి తెచ్చాడని, రెండు తలగడలు వేసుకుని ఎనిమిది నెలలు అందులోనే కూర్చుంది. ఇప్పుడు వారం రోజులుగా చాప మీద వెల్లకిలా పడుకునే ఉంది. వెన్నెముకలో డిస్కు పక్కకి జరిగిందన్నాడు డాక్టరు. బస్సు ఎక్కొద్దన్నాడు. ఒంటికి సరిపడే కుర్చీ ఉంటే పని చేసుకోవచ్చు, లేదా ఆ ఉద్యోగానికి నీళ్ళొదులుకో అన్నాడు. కంపెనీవాళ్ళు సోమవారం దాకా సెలవిచ్చారు. ఇవాళ శుక్రవారం.

కూతురి నడుం తన చేతుల్తోనే విరగ్గొట్టానన్న బాధ ఎల్లాజీని లోపల్లోపల తినేస్తోంది. వేడిపాలకి నోరు కాలినవాడు మజ్జిగనైనా ఊదుకుని తాగుతాడు. అందుకే టీ ముట్టుకోలేదు.

"తొడుగు తియ్యి," అన్నాడు నల్ల కుర్చీ చూపించి.

రాజకుమారి తొడుగు తీసింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. పొట్టిగా, సన్నగా ఉంది. "వెనకాల జాలీ బాబాయ్, గాలాడతాది. చక్రాలు గట్టివి. మూడేళ్ళు గ్యారంటీ. శానా సుకంగా ఉంటాది," అంది, పాఠం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా.

"నువ్వు కూకుని సూసేవేటి?"

ఆ పిల్ల కళ్ళు టక్కున పైకప్పు మూలకి వెళ్ళి, అంతే తొందరగా కిందకి దిగిపోయాయి. "అందరూ బాగుందనే అంతారు బాబాయ్."

ఎల్లాజీ ఆ చూపు పట్టేశాడు. లారీ తోలినవాడికి చెక్‌పోస్టుల దగ్గర మొహాలు చదవడం అలవాటే. అడిగింది నువ్వు కూర్చున్నావా అని. చెప్పింది అందరి సంగతి. ఏదో ఉంది ఈ కుర్చీలో అనుకున్నాడు.

అనుకుంటూనే అందులో కూర్చున్నాడు. కూర్చున్నవాడు మరి లేవలేదు. డ్రైవర్లకి ఓ లెక్క ఉంది. సీటు మొదటి గంట ముద్దు చేస్తుంది, రెండో గంట మర్యాదగా ఉంటుంది, మూడో గంటకి గానీ నిజం చెప్పదు. కోరాపుట్ దాటాక తెలుస్తుంది ఏ సీటు ఎలాంటిదో. ఆ లెక్క మరిచి రెండు నిమిషాల్లో కొన్నందుకే కదా ఇంత ముప్పు వచ్చిందని, ఈసారి పూట పూటంతా కూర్చోవాలనే వచ్చాడు.

గంట గడిచింది. కౌంటరు దగ్గర నరసింగరావు రెండుసార్లు దగ్గాడు, మూడోసారి లేచి వచ్చాడు.

"ఏటన్నగారూ, ఎవులికోసమైనా సూస్తన్నారేటి?"

"కుర్చీ సూస్తన్నాను."

"గంట నుంచా?"

"తొమ్మిది గంటలు కూకునే కుర్చీ బాబూ. గంటలో ఏటి తెలుస్తాది?"

నరసింగరావు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. పక్కవీధి షాపువాడు పంపిన మనిషా, లేక ఏ ఆఫీసువాడైనా ఆరా తీయడానికి వచ్చాడా అన్న గుబులు అతని మొహంలో కనపడింది. ఫ్యాను ఇటు తిప్పమని రాజకుమారికి సైగ చేశాడు. ఫ్యాను ఎందుకు తిప్పించాడు, చెమట పడితే సీటు సంగతి బయటపడుతుందనా, అని ఎల్లాజీ ఆలోచనలో పడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు నవ్వుతూనే చూసుకున్నారు. నవ్వినంతసేపూ ఒకరి చేతులు ఒకరు కనిపెట్టుకునే ఉన్నారు.

రెండో గంట కూడా నిండి మూడోది మొదలైంది. చెడ్డ మాట అనడానికి లేదు. నల్ల కుర్చీ నడుముని తల్లిలా పట్టుకుంది. సరే, ఇదే కట్టించేద్దాం అనుకుని ఎల్లాజీ కాళ్ళు చాపుకున్నాడు. చాపుకున్న కాళ్ళని చూసుకుని చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. తను ఆరడుగుల మనిషి. లారీ క్లచ్ తొక్కీ తొక్కీ దూలాల్లా తయారైన కాళ్ళు. హేమ తన భుజానికి కూడా రాదు. ఇరవయ్యారేళ్ళ లెక్క అంతా తన నడుముది, హేమ నడుముది కాదు. దసరాలకి చేసిన తప్పే మళ్ళీ చెయ్యబోయాడు, కాకపోతే రెండు నిమిషాల బదులు రెండు గంటలు పట్టింది.

తలెత్తి చూస్తే ఎదురుగా రాజకుమారి. అచ్చం హేమ ఎత్తే.

"అమ్మీ, ఓసారి ఇలా వొచ్చి కూకో," అన్నాడు లేచి.

ఆ పిల్ల అడుగు వెనక్కి వేసింది. "వొద్దు బాబాయ్."

"కూకోమన్నాను గానీ కొనమన్నానేటి?"

"నాను కూకోకూడదు." మళ్ళీ కళ్ళు పైకప్పు మూలకి వెళ్ళాయి.

ఇక ఎల్లాజీ ఆగలేదు. పక్కనున్న నీలం కుర్చీ చూపించాడు, వద్దంది. గోధుమరంగుది చూపించాడు, వద్దంది. అరవై కుర్చీలున్న షాపులో ఏ ఒక్కదాంట్లోనూ షాపు మనిషే కూర్చోదంటే అర్థమేమిటి? నల్ల కుర్చీని బోర్లా తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని, నట్లూ బోల్టులూ ఒక్కొక్కటే తడిమాడు. అతుకు ఎక్కడా కనపడలేదు. కనపడకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

"సావుకారూ," అన్నాడు గొంతు పెంచి. "నీ మనిసే కూకోడానికి బెదిరిపోతన్న కుర్చీ నా కూతురికి అంటగడతావేటి? ఏటుంది ఇందులో? సెప్పు."

నరసింగరావు పరుగున వచ్చి, సంగతి విని, పెద్దగా నవ్వేశాడు. "ఓస్ ఇదా. కుర్చీకేటీ లేదన్నగారూ. అది మా షాపు రూలు. పని వేళ పిల్లలు కూకోకూడదు. వీళ్ళు కూకుంటే బేరాల్లేవేటో అనుకుని ఎవులూ లోనికి రారు. కూకున్నారో లేదో అదిగో, కెమెరాలో నా ఫోన్లోకే వొచ్చేస్తాది."

ఎల్లాజీ పైకప్పు మూలకి చూశాడు. పిడికిలంత నల్లటి కెమెరా, కింద ఎర్ర చుక్క.

అతను వెతికిన మోసం కుర్చీలో లేదు. ఆ సంగతి తెలిసి స్థిమితపడాల్సింది పోయి, ఒళ్ళంతా సిగ్గుతో కుంచించుకుపోయింది. రాజకుమారి కాళ్ళవైపు మొదటిసారి చూశాడు. చీలమండలు ఉబ్బి, చెప్పు పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. ఒక కాలి మీద బరువు వేసి రెండోదానికి కాస్త సెలవిస్తోంది, కాసేపాగి కాళ్ళు మార్చుకుంటోంది. రెండు గంటలు తను దొరబాబులా కూర్చుని ఈ పిల్లనే దొంగని చూసినట్టు చూశాడు.

"ఎన్నింటికి వొస్తావమ్మా?"

"తొమ్మిదిన్నరకి బాబాయ్. రాత్రి తొమ్మిదికి ఎల్తాను. అన్నం తిన్నప్పుడు మాత్రం గోడౌన్లో అట్టపెట్టెల మీద కూకుంటాం."

ఎల్లాజీ నరసింగరావు వైపు తిరిగాడు. "నాకు కుర్చీ ఇవాళే కావాలి. నా కూతురు ఈ అమ్మి అంతే ఉంటాది. ఈ అమ్మి కూకుని సెప్పిందే కొంటాను. కూకోనిస్తే సరి, లేదంటే పక్కవీధిలో షాపుంది."

"నీకేటైనా సుట్టమా ఈ పిల్ల?" అన్నాడు నరసింగరావు కళ్ళు చిన్నవి చేసి. ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారేమోనన్న శంక అతనికి. కానీ పక్కవీధి మాట గుచ్చుకుంది. పొద్దుట్నుంచి బోణీ కూడా లేదు. "సరే, కూకో రాజకుమారీ. పిలిస్తే మాత్రం ఎంటనే నెగాలి," అని కౌంటరు దగ్గరికి పోయాడు.

రాజకుమారి నల్ల కుర్చీ అంచున, పిట్ట వాలినట్టు కూర్చుంది. "బాగుంది బాబాయ్."

"వెనక్కి జారగిలబడు. ఆఁ, ఇప్పుడు సెప్పు."

"బాగుంది." ఆమె పాదాలు నేలకి జానెడు ఎత్తున వేలాడుతున్నాయి. ఎత్తు తగ్గించే మీట చివరిదాకా నొక్కినా బొటనవేళ్ళు మాత్రమే ఆనాయి.

ఎల్లాజీ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "సూడమ్మీ. నా కూతురు వారం బట్టి సాప మీద పడుంది. సోమారం నాటికి కూకోలేకపోతే దాని ఉద్యోగం పోతాది. మొదటి కుర్చీ నాను సెడగొట్టేను. నాకు బాగుంది అన్న మాటొద్దు. ఎక్కడ నొప్పెడతందో సెప్పు."

రాజకుమారి కౌంటరు వైపు చూసింది, తర్వాత తన మోకాళ్ళ వైపు చూసుకుంది. ఆమె గొంతులోంచి పాఠం పోయి మాట వచ్చింది. "సీటు పొడుగెక్కువ బాబాయ్. మోకాళ్ళ కింద కోస్తంది. వెనక్కి ఆనుకుంటే కాళ్ళు తేలిపోతన్నాయి, కాళ్ళు ఆనిస్తే నడుం ఎనక కాళీగా ఉంటంది. మీ అమ్మాయికి ఇది వొద్దు."

నీలం కుర్చీలో పావుగంట కూర్చుంది. చేతులు పెట్టుకునే చోటు ఎత్తుగా ఉందంది, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయంది. గోధుమరంగుది మెత్తగా ఉంటే ఎల్లాజీకి దసరాల కుర్చీ గుర్తొచ్చి, ఆమె నోరు తెరవక ముందే వద్దన్నాడు. ప్రతిసారీ నరసింగరావు ఏదో ఒక వంకన పిలుస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ "రాజకుమారీ" అన్న మాట పూర్తి కాకుండానే ఆమె స్ప్రింగులా లేచి నిలబడుతోంది.

"ఎనకాల ఒకటున్నాది," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఎవులికీ సూపించం. రంగు బాగోదని అడగరు కూడాను. రెండేళ్ళ బట్టి దుమ్ము దులుపుతన్నాను, దాని ఒంపు నా సేతికి తెలుసు."

గోడౌన్ తలుపు పక్కన ఉంది అది. బూడిదరంగు, గట్టి సీటు, పొట్టి వీపు. ఎల్లాజీకి చూడగానే నచ్చలేదు. ఎవరూ కొనని సరుకు తనకి వదిలించుకుంటున్నారా అన్న పాత బుద్ధి తల ఎత్తింది. అయినా నోరు మూసుకుని, పక్కన ఓ అట్టపెట్టె మీద కూర్చుని కాపలా కాశాడు.

రాజకుమారి కూర్చుంది. మీట తిప్పి సీటు దించుకుంది. రెండు పాదాలూ నిండుగా నేల మీద ఆనాయి. పది నిమిషాలకి భుజాలు దిగాయి. అరగంటకి చెప్పుల్లోంచి కాళ్ళు బయటకి తీసింది. ఎల్లాజీ బాగుందా అని అడగలేదు. అడిగితే మళ్ళీ మర్యాద మాట చెబుతుందేమోనని భయపడ్డాడు. గంట దాటింది.

"రాజకుమారీ," అని పిలిచాడు నరసింగరావు.

ఆమె లేవలేదు. వినపడింది, తల కూడా కదిలింది, కానీ ఒళ్ళు లేవనివ్వలేదు. నడుం ఆ కుర్చీ వీపుని వదల్లేదు.

"రాజకుమారీ, నిన్నే."

"వొస్తన్నానండి," అంది. అని కూడా ఇంకో రెండు ఊపిరులు అక్కడే ఉంది. తర్వాత ఎదురుగా ఎల్లాజీ ఉన్నాడని గుర్తొచ్చి గబగబా చెప్పులు వెతుక్కుంది.

పొద్దుట్నుంచీ టీని నమ్మక, ఫ్యానుని నమ్మక, మనుషుల్ని నమ్మక కూర్చున్న ఎల్లాజీకి ఆ ఆలస్యం మీద మాత్రం రవ్వంత అనుమానం కూడా రాలేదు. "ఇదే కట్టించు సావుకారూ," అన్నాడు.

మాట నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు, షాపులో ఆ రకం కుర్చీ ఇదొక్కటేనని, రాజకుమారి నడుం వాలిన దాన్నే పట్టుకుపోతున్నానని. నరసింగరావు దాన్ని లాగి తొడుగు వేస్తుంటే, తాడు పట్టుకుని సాయం చేసింది రాజకుమారే. ముడి బిగిస్తూ చెప్పింది. "పాదాలు కిందకి ఆనేలాగ దించుకోమను బాబాయ్. గంటకోసారి నెగిసి నాలుగడుగులు ఎయ్యమను. అదే పనిగా కూకున్నా తప్పే కదా మరి."

ఎల్లాజీకి ఏదో ఇవ్వాలనిపించింది, ఏం ఇవ్వాలో తోచలేదు. "సల్లగుండమ్మా," అనేసి, కుర్చీని దొర్లించుకుంటూ బయటకి వచ్చాడు. సాలూరు వెళ్తున్న తెలిసినవాళ్ళ లారీ ఒకటి అటుగా రావాలి. దానికోసం షాపు ముందే ఎండలో నిలబడి కూతురికి ఫోను చేశాడు.

"దొరికిందమ్మా. సోమారం కూకోవొచ్చు."

అవతల హేమ ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. "నువ్వు కూకుని సూసేవా నాన్నా, బాగా?"

"నాను కాదు తల్లీ. నీ అంత పిల్లే ఒకర్తి, షాపులో పనిసేస్తాది. నీకోసం గంట పైన కూకుని సూసింది."

"మంచిదే పాపం. అంతసేపు కూకుంది కదా, ఇప్పుడు దాని నడుం ఎలాగుందో అడిగేవా? అదీ తెలియాలి మరి."

ఎల్లాజీ అద్దాల తలుపులోంచి లోపలికి చూశాడు. నల్ల కుర్చీ పక్కన, చేతులు కట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి ఉంది రాజకుమారి.

"అడగలేదమ్మా," అన్నాడు. "నిలబడుంది."