417 నంబరు గడియ

మా నాన్న వెర్నన్ హార్నిష్‌కి ఇద్దరు కూతుళ్ళు, ఒక తుపాకి. ముగ్గురిలో ఎవరంటే ఎక్కువ ప్రేమ అని మాత్రం అడక్కండి, చెబితే నాకే చిన్నతనం. అది జపాను గుర్రపు దళం వాళ్ళ పొట్టి తుపాకి. యుద్ధంలో లూజాన్ దీవిలో నాన్నకి దొరికింది. మూతి కింద మడత బాకు, గొట్టం మీద చామంతి పువ్వు రాజముద్ర. జపాను లొంగిపోయాక చాలా తుపాకుల మీద ఆ ముద్రని అరగదీసేశారు. అలా అరగకుండా మిగిలిన తుపాకి కనిపిస్తే మా పెన్సిల్వేనియా సేకరణదారులు పెళ్ళాం పేరు కూడా మర్చిపోతారు.

ఒక్కటే లోటు. తూటా పెట్టాక వెనక నుంచి మూసే ఇనుప గడియ దానిది కాదు. యుద్ధం అయ్యాక ఓడ ఎక్కేముందు సైనికుల తుపాకులన్నిటికీ గడియలు ఊడదీయించి పెట్టెల్లో పడేశారట. శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాక చేతికందింది పట్టుకుని అందరూ ఇంటిదారి పట్టారు. అమ్మని చూడాలన్న తొందరలో నంబర్లు ఎవడు చూస్తాడు? నాన్న తుపాకి మీద 417 అని ఉంటే, ఆయన తెచ్చుకున్న గడియ మీద 862 అని ఉంది. తాను కన్నుమూసేలోగా దాని గడియ దానికి చేరాలన్నది ఆయన కోరిక.

మరి నలుగురినీ అడగొచ్చుగా? అడగడు. దానికి కారణం హోమర్ డీట్రిక్. అదే ఓడలో, అలాంటి తుపాకితోనే వచ్చిన మా ఊరి మనిషి. వచ్చిన కొత్తలో మంగలి షాపులో హోమర్ తన తుపాకి నంబర్లన్నీ కలిశాయని గొప్పలు పోయాడు. నాన్న తగ్గుతాడా? నాదీ అంతే అనేశాడు. ఆ ఒక్క అబద్ధం నలభై ఏళ్ళు మా ఇంట్లో తిష్ట వేసింది. ఎవరైనా తుపాకి చూడటానికి వస్తే గడియ మూసే చూపించేవాడు. తెరవమంటే బిగుసుకుపోయిందనేవాడు. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయేది.

ఏటా మార్చిలో మా ఊరి అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో పాత తుపాకుల ప్రదర్శన జరుగుతుంది. హోమర్ తన తుపాకిని గాజుపెట్టెలో పెట్టి మొదటి బహుమతి నీలం రిబ్బను కొట్టేస్తుంటాడు. వచ్చేటప్పుడు, మేం పోటీకి కాకుండా ఊరికే చూపడానికి తుపాకి పెట్టుకున్న బల్ల దగ్గర ఆగి, ఈసారైనా పోటీలో పెడుతున్నావా వెర్నన్ అని అడక్కుండా పోడు. వచ్చే ఏడు చూద్దాంలే అంటాడు నాన్న. ఈ ఏడాది చలికాలంలో ఆయన గుండె ఒకసారి మొరాయించింది. ఆస్పత్రి మంచం మీద కూడా నాతో అన్న మాట ఆ గడియ గురించే. ఇక లాభం లేదనుకున్నాను.

ఈసారి ప్రదర్శనలో, కోడిమాంసం, మొక్కజొన్నల సూపు తెచ్చుకోవడానికి నాన్న హాలు వంటగది కిటికీ వైపు వెళ్ళగానే గడియ ఊడదీసి తెల్ల గుడ్డ మీద పెట్టాను. పక్కన పెద్ద అక్షరాలతో అట్ట నిలబెట్టాను: "ఈ 862 మాది కాదు. మా 417 మీ దగ్గరుంటే చెప్పండి." తిరిగొచ్చి అది చదివిన నాన్నకి తల కొట్టేసినట్టయింది. సూపు బల్ల మీద ఒలికింది.

"తీసెయ్, ఆర్లీన్. ఇన్నేళ్ళు కాపాడుకున్న పరువు నిమిషంలో తీశావు."

"పరువు కావాలా, గడియ కావాలా? రెండూ కావాలంటే కుదరదు నాన్నా."

ఆయన జవాబు చెప్పేలోపే హోమర్ రానే వచ్చాడు. అట్ట చూడగానే మొహం చాటంత చేసుకున్నాడు. నలుగురినీ పిలవబోయి, నంబరు చదివి ఆగిపోయాడు. అడక్కుండా గడియ చేతిలోకి తీసుకున్నాడు. మా తుపాకుల వాళ్ళలో అంతకంటే అమర్యాద లేదు. పిడి కింద చెక్కిన నంబరుని వేలితో తడిమి, దాన్ని కింద పెట్టేసి వెళ్ళిపోయాడు. నాన్న కుర్చీలో కూలబడి, ఇక హాలంతా చాటింపు వేస్తాడు చూడమన్నాడు. నాకూ భయమేసింది. చేసిన పని తప్పేమో అనిపించింది.

హోమర్ తిరిగొచ్చాడు. చేతుల్లో ఆయన తుపాకి. గాజుపెట్టెలోంచి దాన్ని బయటికి తీయడం ఎవరమూ చూసి ఎరుగం. మా బల్ల మీద పెట్టి, అందరూ చూస్తుండగా గడియ వెనక్కి లాగి ఊడదీశాడు. తుపాకి మీద 862. గడియ మీద 417.

"మంగలి షాపులో నేనే ముందు అబద్ధం ఆడాను, వెర్నన్. నీది కలిసిందన్నావు కదా, ఇక ఏ మొహం పెట్టుకుని అడగను?"

"నువ్వు కలిసిందన్నావనేరా నేనూ అన్నాను, దరిద్రుడా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొడవ పడతారేమోనని నేను కుర్చీ వెనక్కి లాక్కున్నాను. నాన్న ముందుగా నవ్వాడు. హోమర్ వెళ్ళి తన గాజుపెట్టె మీది రిబ్బన్లన్నీ పీకేసి జడ్జీల బల్ల మీద పడేసి వచ్చాడు. ఆ మనిషి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

తొందరలో నాన్న గడియని వంకరగా పెడుతున్నాడు, అది గాడిలోకి ఎక్కడం లేదు. నా చేతికిచ్చాడు. పెట్టి తోశాను. ఇన్నాళ్ళూ పాతది కరకరలాడుతూ కదిలేది, ఈసారి మెత్తగా జారి టక్కున పడింది. హాలంతా చప్పట్లు. సూపు వడ్డించే ఆడవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని బయటికి వచ్చారు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

నాన్న గడియ తెరుస్తాడు, మూస్తాడు, మళ్ళీ తెరుస్తాడు. కాసేపటికి దాన్ని వెలుతురుకి పట్టి పరీక్షగా చూశాడు. ఎక్కడా తుప్పు మరక లేదు, నూనెతో నిగనిగలాడుతోంది.

"నాదాన్ని బాగానే చూసుకున్నావురా హోమర్."

హోమర్ తన గడియని రుమాలుతో తుడిచి చూసుకుంటున్నాడు. అదీ అలాగే మెరుస్తోంది. నాన్న ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే దానికి నూనె రాసేవాడు.

"నువ్వు మాత్రం తక్కువ చూసుకున్నావా" అన్నాడు హోమర్, కుర్చీ లాక్కుని నాన్న పక్కన కూర్చుంటూ.