నల్లా ఎప్పుడొస్తది?

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఈ సామెత తెలియని మనిషి మహారాష్ట్ర భివండిలోని కామత్‌ఘర్ వాడలో లేడు. తెలిసి కూడా ప్రతి ఎన్నికలోనూ ఎవడో ఒకణ్ణి ఏరు దాటించని మనిషీ లేడు. ఆ ఏడు మాత్రం రామవ్వ అడ్డం తిరిగింది. భివండికి మహానగరపాలిక వచ్చాక జరుగుతున్న తొలి ఎన్నికలవి. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే బతుకుతుంటే ఓటర్ల జాబితాలో ఆమె పేరు ఎక్కింది ఇదే మొదలు. ఇంత ఆలస్యంగా వచ్చిన ఓటును గుడ్డిగా గుద్దేసి రానని ఆమె పంతం పట్టింది.

రామవ్వ భిషీ నడిపేది. సాంచలు, అంటే మరమగ్గాలు నడిపే కార్మికులు నెలవారీగా తినే పూటకూటి ఇంటిని అక్కడ భిషీ అంటారు. ఆమెది రెండు గదులు, ఒక అరుగు, ముప్పై ఆరు పళ్లాలు. తినేవాళ్లంతా కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆమె వంటకు వంక పెట్టినవాడు లేడు. ఇబ్బందల్లా నీళ్లతోనే. గల్లీలో ఉన్న ఒక్క నల్లా పగలు పదకొండుంబావుకు వచ్చి పన్నెండు కాకముందే పోయేది. సరిగ్గా అప్పుడే సాంచలు వదిలి జనం అన్నానికి వచ్చేవారు. ఒక చేత్తో వడ్డించాలి, ఇంకో చేత్తో బిందె పట్టాలి. దేవుడు నాలుగు చేతులు అమ్మవారికి ఇచ్చాడు గాని, వాటి అవసరం ఉన్న రామవ్వకు ఇవ్వలేదు. ఆ ఎండాకాలం నీళ్లు పట్టలేక రెండు పూటలు వంట ఎగ్గొట్టింది. ఆరుగురు వేరే భిషీకి మారిపోయారు. ఇంకో ఆరుగురు పోతే పొయ్యి ఆర్పేసి ఊరికి పోవడమే. పోదామంటే ఊళ్లో గుంటెడు జాగా కూడా లేదు.

“ఈసారి గూడ మనోళ్లకే వెయ్యాలె వదినె,” అన్నాడు పర్శరాములు, మజ్జిగ పోసుకుంటూ. ఆ భిషీలో అందరికంటే పాతవాడు అతనే. “గోవిందరాజులు సేటు మన తెలుగాయన.”

“పోయినసారి గూడ మనోడనే ఏస్తిరి. మరి నల్లా గిట్లెందుకున్నది?”

“గట్లంటే ఎట్ల? ఎవలు మంచోళ్లో మనకెట్ల తెలుస్తది?”

“అన్నం ఉడికిందో లేదో ఎట్ల తెలుస్తది? ఒక్క మెతుకు పట్టి చూస్త.”

ఆ మెతుకు ఒక ప్రశ్న. మా గల్లీకి నల్లా ఎప్పుడొస్తది? తెస్తాము, పొడుస్తాము అని ఎవరైనా అంటారు. ఇప్పుడు ఎన్నింటికి వస్తుందో తెలిసిన మనిషికే ఆ బాధ తెలిసినట్టు. రామవ్వ లెక్క అంతే.

వార్డు ఆడవాళ్లకు కేటాయించారు. అందుకని గోడల నిండా మగవాళ్ల బొమ్మలు వెలిశాయి. గోవిందరాజులు సేటు ముఖం తాంబాళమంత ఉంటే, మూలన బొట్టుబిళ్లంత ముఖం ఆయన భార్య సుందరలక్ష్మిది. పోటీ చేసేది ఆమె. వాళ్ల గుర్తు ఫ్యాను. రోజుకు ఆరు గంటలు కరెంటు పోయే వాడలో ఫ్యాను గుర్తు తీసుకున్నాడంటే ఆ సేటు ధైర్యానికి మెచ్చుకోవాలి.

రామవ్వ మొదట పుష్పాబాయి అనే అభ్యర్థి ఇంటికి వెళ్లింది. పుష్పాబాయి లేదు, ఆమె కొడుకు యోగేష్ ఉన్నాడు. “ఆయీ ఊరెళ్లింది, ఏ పనున్నా నాకు చెప్పు మావ్‌శీ,” అని మర్యాదగానే హిందీలో చెప్పి, ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. ప్రశ్న అడిగితే ట్యాంకర్ పంపిస్తానన్నాడు. అభ్యర్థి ఎప్పుడొస్తుందంటే ఓట్లయ్యాక వస్తుందన్నాడు. ఆ మాటలో తప్పేముందో అతనికి తోచనే లేదు.

రెండో అభ్యర్థి శృతి, ఒక డాక్టరు గారి భార్య. ఆమె ఇంట్లోనే ఉంది, స్వయంగా మాట్లాడింది, అరగంట మాట్లాడింది. రామవ్వ కడుపు నిండిపోయింది. చివరికి ప్రశ్న అడిగితే ఆమె ముచ్చటగా నవ్వి, “మా బిల్డింగ్‌లో ఇరవై నాలుగు గంటలూ వస్తాయండీ,” అంది. పాపం, అబద్ధం చెప్పలేదు.

మూడో ఇంటికి వెళ్లే పని లేకుండా ఆ మంగళవారం మూడో ఇల్లే గల్లీలోకి వచ్చింది. ముందు లౌడ్‌స్పీకర్ పెట్టిన ఆటో, వెనక డప్పులు. రెండు వైపులా పక్కవాళ్లకు అప్పజెప్పి వచ్చిన సాంచలు ఖణఖణలాడుతున్నాయి. పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు, నల్లా ఇంకా రాని వేళ. అన్నానికి కాస్త ముందే వచ్చిన ముప్పై మందీ పళ్లాలు చేతబట్టుకుని అరుగు మీద నిలబడ్డారు. సేటు మైకు పట్టుకున్నాడు. ఆయన వెనక పట్టుచీరలో సుందరలక్ష్మి చేతులు జోడించి, అతికించిన నవ్వుతో నిలబడింది.

రామవ్వ ఎదురెళ్లి గొంతు చించుకుని అడిగింది. “సేటూ! మా నల్లా ఎప్పుడొస్తది?”

“గెలిపించక్కా, గంగమ్మనే దింపుత!”

“అది గాదు సేటూ. గిప్పుడు, గిప్పుడు ఎన్నింటికొస్తది?”

సేటు తడబడ్డాడు. “పొద్దున... పొద్దున్నే గదా?” అన్నాడు మైకులోనే. ఆయన భుజం వెనక సుందరలక్ష్మి పెదవులు కదిలాయి. గొంతు లేదు, ఒట్టి పెదవులే.

‘పదకొండుంబావు. అన్నం యాళ్లకు.’

రామవ్వ చదివేసింది. సాంచల మధ్య బతికినవాళ్లకు తప్ప ఆ మాట రాదు. ఆ రొదలో అరిచి లాభం లేదు గనక కార్ఖానాలో అందరూ గొంతు దాచుకుని పెదవులతో మాట్లాడుకుంటారు. భిషీ పెట్టకముందు రామవ్వ పన్నెండేళ్లు కార్ఖానాలో నూలు కండెలు చుట్టింది. నలభై సాంచల అవతల నిలబడ్డ మనిషి ఏ కూర వండుకుందో ఆమె పెదవులు చూసి చెప్పగలదు. పుట్టిన దగ్గర్నుంచి గల్లా పెట్టె ముందే కూర్చున్న సేటుకు ఈ విద్య తెలియదు. ఆయన మైకులో ఫ్యాను గురించి అందుకున్నాడు.

‘నువ్వెవలి బిడ్డవు?’ అంది రామవ్వ, తనూ గొంతు లేకుండా.

‘బుచ్చమ్మ బిడ్డను. ఎనుక గల్లి. పెండ్లయ్యేదాక కండెలు చుట్టిన. ఇప్పటికీ అమ్మకు బిందె నేనే పట్టిస్త. సేటుకు తెల్వది.’

‘గెలిస్తె కుర్చీల ఎవలు కూసుంటరు?’

‘ఆయనే. నేను సంతకానికి.’

‘మరి నీకెందుకెయ్యాలె?’

సుందరలక్ష్మి నవ్వు చెదిరింది. ‘పది మందిల నాకు గొంతు లేస్తలేదక్కా. ఆయనకేమో బట్టల బేరం తప్ప ఏం ఎరుక లేదు. మైకు దొరికితే మాత్రం ఇడువడు.’

అరుగంతా ఒక్కసారి గొల్లుమంది. పర్శరాములుకు పొలమారింది. అప్పుడు గాని రామవ్వకు తట్టలేదు. గొంతు లేకుండా మాట్లాడితే గుట్టుగా మాట్లాడినట్టేననుకుంది గాని, అరుగు మీది ముప్పై మందీ సాంచలవాళ్లే. ప్రతి మాటా చదివేశారు. సుందరలక్ష్మి ముఖం తెల్లగా పాలిపోయింది. సేటు మాత్రం తన ఫ్యాను చమత్కారానికే జనం నవ్వారనుకుని, పొంగిపోయి, దాన్ని ఇంకో రెండుసార్లు చెప్పాడు.

ఆ సాయంత్రం రామవ్వకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆ పిల్ల ఇంటి గుట్టును నడి గల్లీలో పెట్టింది. పైగా చిక్కు అలాగే ఉంది. నోరున్న ఆమెకు నల్లా తెలియదు, నల్లా తెలిసిన ఆమెకు నోరు లేదు. పుష్పాబాయి అసలు ఊళ్లోనే లేదు.

“ఏంది వదినె, ఎవలికి?” అన్నాడు పర్శరాములు.

“బుచ్చమ్మ బిడ్డకు. మనోళ్లని గాదు, బిందె మోస్తదని. నోరంటవా, మనకు ముప్పై నోర్లున్నయ్, సూద్దాం.”

నలభై ఒక్క ఓట్ల తేడాతో ఫ్యాను గెలిచింది.

దండం పెట్టడానికి సేటు శుక్రవారం వచ్చాడు. ఆ రోజు సాంచలకు సెలవు. గల్లీ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే చపాతీ కర్ర చప్పుడు కూడా వినిపిస్తోంది. దండలన్నీ సేటు మెడలోనే ఉన్నాయి. సుందరలక్ష్మి మళ్లీ ఆయన భుజం వెనకే నిలబడింది.

“నన్ను గెలిపించిన మీ అందరికీ...” అని సేటు అందుకున్నాడు.

‘నువ్వు మాట్లాడు,’ అన్నాయి రామవ్వ పెదవులు. సుందరలక్ష్మి తల అడ్డంగా ఊపింది. ‘నువ్వు మాట్లాడు,’ అన్నాడు పర్శరాములు. తర్వాత పక్కవాడు, వాడి పక్కవాడు, చివరికి వెనక గల్లీ నుంచి కర్ర పట్టుకుని వచ్చిన బుచ్చమ్మ కూడా. గల్లీ అంతా నోళ్లు కదుపుతోంది, ఒక్కరి గొంతూ లేవడం లేదు.

సేటు మాట ఆపేశాడు. మైకు తట్టి చూశాడు. “హలో, హలో” అన్నాడు. చెవిలో వేలు పెట్టి తిప్పాడు. ఆ మనిషికి చెమటలు పట్టాయి. తనకే చెముడొచ్చిందని భయపడ్డాడు.

“ఏమే, వీళ్లేమంటున్నరు? నాకేం వినబడ్తలేదు!”

“నన్ను మాట్లాడుమంటున్నరు,” అంది సుందరలక్ష్మి, పైకే.

ఆ భయంలో సేటు మైకు ఆమె చేతికిచ్చేశాడు. ఆమె దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టింది. ఒక్కసారి తల్లి వైపు చూసింది. తర్వాత నలభై సాంచలు దాటి వినిపించే గొంతుతో, “నల్లా పదకొండుంబావుకు వస్తది,” అంది. “వంట చేసేటామె వడ్డించాల్నా, బిందె పట్టాల్నా? సోమవారం నుంచి ఆఫీసుల నేనే కూసుంట. పొద్దున ఆరింటికి నీళ్లు వదిలేదాక లేవ.”

సేటు నోరు తెరిచాడు. బుచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. రామవ్వకు మాత్రం తుడుచుకోవాలని కూడా గుర్తురాలేదు.

మూడు వారాలు పట్టింది. ఒక గురువారం పొద్దున ఆరింటికి నల్లా గుర్రుమని దగ్గి, నీళ్లు పోసింది. ఆ మధ్యాహ్నం రామవ్వ రెండు చేతులా వడ్డించింది.