మడతబందుకు పెట్టిన క్లిప్పు

డ్రైవింగ్ స్కూలు కారు పన్నెండు రోజుల్లో రెండోసారి షెడ్డుకు వచ్చింది. బయట వాన. టీచరమ్మ కారు దిగి, గొడుగు కూడా తెరవకుండా నేరుగా ఎలక్ట్రీషియన్ బల్ల దగ్గరకు వచ్చింది.

"మేస్త్రీ, హీటర్ గాలి మళ్ళీ ఆగిపోయింది. ఫ్యాను మోటారు మార్చారుగా?"

ఆ గాలి రాకపోతే వానలో ముందు అద్దం లోపలివైపు ఆవిరి పడుతుంది. ఉదయం దారి కనపడక ఓ విద్యార్థి కారును కాలిబాట మీదికి ఎక్కించాడు. టీచరమ్మ తన కాళ్ళ దగ్గరున్న అదనపు బ్రేకు తొక్కబట్టి కారు స్తంభానికి జానెడు దూరంలో ఆగింది. మధ్యాహ్నం రెండింటికి నలుగురికి లైసెన్సు పరీక్ష. నలుగురూ నేర్చుకున్నది ఈ కారు మీదే.

"ఒంటిగంటకి వస్తాను. బాగైందంటే తీసుకెళ్తా. లేదంటే నలుగురికీ ఫోన్ చేసి రావద్దంటా. 'చూద్దాంలే' అని మాత్రం అనకండి. పోయినసారి మీ మాట నమ్మే ఎక్కాను."

ఇరవై రెండేళ్ళుగా ఎలక్ట్రీషియన్ చేతిలో కరెంటు చూసే టెస్ట్ ల్యాంపు వెలిగాక రెండో ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ల్యాంపు వైరు చివరి క్లిప్పును తలుపు మడతబందుకు తగిలిస్తాడు. సూదిమొనను మోటారు ఎర్ర వైరుకు గుచ్చుతాడు. పోయినసారి ల్యాంపు వెలిగింది. కరెంటు వస్తోంది, మోటారు తిరగడం లేదు. స్క్రూడ్రైవర్ పిడితో మోటారును తట్టాడు. రెండు చుట్లు తిరిగి ఆగింది. లోపల బ్రష్షులు అరిగాయన్నాడు, మోటారు మార్చాడు.

ఈసారీ అదే చేశాడు. ల్యాంపు వెలిగింది. కొత్త మోటారును తట్టాడు. అదీ రెండు చుట్లు తిరిగి ఆగింది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

పక్కన ఓ కారు తలుపుకు సొట్ట తీస్తున్న బావమరిది సుత్తి ఆపాడు.

"దాన్నెందుకు బావా కొడతావ్? మా అక్క మీద కోపమా?"

"నీ డొక్కు సంగతి చూసుకో."

"పన్నెండు రోజులకే అరిగిందా! నీ చెప్పులే నయం, మూడేళ్ళ నుంచీ ఉన్నాయి."

ఎలక్ట్రీషియన్ బల్ల కింద తుక్కు పెట్టెలోంచి పాత మోటారు తీసి, రెండు వైర్లతో బ్యాటరీకి ఆనించాడు. మోటారు తిరిగింది. బల్ల మీది దుమ్ము లేచింది. ఆపకుండా ఐదు నిమిషాలు తిప్పాడు, తర్వాత తట్టాడు. చప్పుడులో తేడా రాలేదు. అంటే తప్పు మోటారుది కాదు.

వచ్చిన కరెంటు వెనక్కి పోవాలి కూడా. ల్యాంపు కరెంటు మడతబందులోంచి పోయింది. మోటారుది పోయే దారి వేరు, దాని నల్ల వైరు. ఆ వైరును అతను ఎన్నడూ పరీక్షించలేదు. క్లిప్పును మడతబందు నుంచి తీసి నల్ల వైరుకు పెట్టాడు. ల్యాంపు వెలగలేదు.

వైరు వెంట వేలు పోనిస్తూ కిందికి వచ్చాడు. అది టీచరమ్మ సీటు ముందు కార్పెట్ కిందికి పోయింది. కార్పెట్ ఎత్తాడు. కింద నీళ్ళు. వైరును కారు రేకుకు బిగించే బోల్టు తుప్పుతో ఉబ్బి ఉంది. వేలితో కదిపితే పైన ఫ్యాను తిరిగింది. తట్టినప్పుడల్లా కదిలింది ఈ వైరే. మోటారు మార్చినప్పుడు కదిలి కొన్నాళ్ళు అతుక్కున్నదీ ఇదే.

నీళ్ళెక్కడివని టార్చి వేశాడు. అదనపు బ్రేకుకు నాలుగు బోల్టులు. వాటి పక్కన ఐదో రంధ్రం, ఖాళీగా. అందులోంచి షెడ్డు నేల కనిపించింది.

"బామ్మర్దీ, ఈ బ్రేకు బిగించింది ఎవరు?"

గుమ్మడికాయల దొంగలా బావమరిది చెయ్యి భుజం మీదికి పోయింది. "నేనే. ఒకటి కొలత తప్పింది. పైన కార్పెట్ వస్తుంది కదా, ఎవరికి కనిపిస్తుందిలే అని..."

"నీళ్ళకి కనిపించింది."

బావమరిది రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టి సీలెంటు పూశాడు. ఎలక్ట్రీషియన్ రేకును మెరుపు తేలేదాకా గీకి కొత్త బోల్టు వేశాడు. నల్ల వైరుకు క్లిప్పు పెడితే ల్యాంపు వెలిగింది.

"బావా, వైరు వదులైందని చెప్పు చాలు. అబద్ధం కూడా కాదు" అన్నాడు బావమరిది.

టీచరమ్మ ఒంటిగంటకు పది నిమిషాల ముందే వచ్చింది. "ఏమైంది?"

వైరు వదులైందన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది.

"మీ పాత మోటారు బాగానే ఉందమ్మా. పోయినసారి నేను పరీక్షించిన తీరే తప్పు. వైరు బిగించిన బోల్టు తుప్పు పట్టింది. ఇప్పుడు బాగైంది."

"రంధ్రం నాది" అన్నాడు వెనక నుంచి బావమరిది, తల ఎత్తకుండా.

"ఏం రంధ్రం?"

చూపించారు. ఆమె వంగి చూసింది, బిరడాను వేలితో నొక్కింది.

"పోయినసారీ బాగైందనే అన్నారు. ఇద్దరూ వెనక ఎక్కండి."

ఎక్కారు. ఆమె స్టీరింగు ముందు కూర్చుని అన్ని అద్దాలూ ఎక్కించింది. ముగ్గురి ఊపిరికి, ఆమె తడిబట్టలకు ముందు అద్దం మసకబారింది. ఎదురుగా గోడ కనిపించకుండా పోయేదాకా ఆగి, అప్పుడు హీటర్ తిప్పింది. అద్దం కింది అంచు నుంచి తేటపడుతూ వచ్చింది. ఆమె పక్కనున్న తన సీటులోకి జరిగి, కాలితో బోల్టు ఉన్నచోట నాలుగుసార్లు గట్టిగా తన్నింది. ఫ్యాను చప్పుడు మారలేదు.

"బావా, ఈవిడ నీకంటే గట్టిగా కొడుతోంది" అని గొణిగాడు బావమరిది.

ఆమె గడియారం చూసుకుంది.

"దిగండి. రెండింటికి అక్కడుండాలి. ఆ పాత మోటారు డిక్కీలో పెట్టండి మేస్త్రీ, అది నాదే కదా."