చిమ్మటకి పెట్టిన పేరు

వెర్నా చేతికంటిన పిండి కడుక్కుని టైపు మిషను ముందు కూర్చుంది. కాలేజీలో పాఠాలు చెప్పే మొగుడు మిల్టన్ రాసిచ్చిన వ్యాసం శుభ్రంగా టైపు చెయ్యాలి. అయోవా గడ్డి మైదానంలో, గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూల మొక్క కాండంలో బతికే కొత్త రకం చిమ్మట గురించి. రెక్కలు ముడిస్తే బియ్యపు గింజంత ఉంటుంది.

పదకొండేళ్ళు దాన్ని సాకింది తను. ఇంకెక్కడా లేదది, రైలు పట్టాల పక్కన మిగిలిన గడ్డి ముక్కలో తప్ప. అక్కడ మోకాళ్ళ మీద పాకి కాండాల మీద పురుగు దాగుండే బుడిపెలు వెతికింది. వాటిని తెచ్చి సీసాల్లో పెట్టి, మూతికి పాత మేజోడు గుడ్డ కట్టి, రెక్కలొచ్చేదాకా కాచుకుంది. ఫ్రిజ్‌లో వెన్న పక్కన డబ్బాలు చూసి అత్తగారు ఈడిత్, "మావాడికి సూప్ పోస్తున్నావా, పురుగుల కషాయమా?" అని చర్చిలో నలుగురి ముందూ నవ్వించింది. మిల్టన్ కాలేజీ నుంచి వస్తూనే "ఇవాళ ఏమన్నా బయటికొచ్చాయా?" అనేవాడు, వంటేమిటని అడిగినట్టే.

వ్యాసం మీద ఒక్కరి పేరే ఉంది.

"నా పేరేది?"

"లోపల చూడు! చిమ్మటకి నీ పేరే పెట్టాను. ఎవరి పేరు వాళ్ళే పెట్టుకుంటే మా శాస్త్రజ్ఞులు నవ్వుతారు. నువ్వూ రాసినదానివైతే ఎలా పెడతాను చెప్పు? ఏ మొగుడిచ్చాడు ఇలాంటి కానుక?"

పేరిచ్చి పని పుచ్చుకున్నాడు. పైగా తను మురిసిపోవాలి. ఒళ్ళు మండిపోయింది వెర్నాకి.

నాలుగో పేజీలో ఆగింది. చలికాలమంతా నేలలో గూడు కట్టుకుని ఉంటుందని రాశాడు. తప్పు. అప్పుడుండేవి గుడ్లు, ఎండుటాకుల మీద. మంచులో ఏనాడైనా అటు వెళ్తేగా తెలియడానికి! ఇలాంటివి టైపు చేస్తూ తనే దిద్దేసేది. అతను గమనించేవాడే కాదు.

"మిల్టన్, ఇక్కడొక తప్పు..."

"మళ్ళీ మొదలెట్టకు. ఉన్నది ఉన్నట్టు కొట్టు. ఆ గడ్డి ముక్క ఇప్పుడు కౌంటీ ప్రభుత్వానిది. ఎండుగడ్డి తగలబెడితే కొత్తది బాగా మొలుస్తుందట. పురుగుకి హాని లేదని ఇందులో చూసుకుని, ఏప్రిల్‌లో నిప్పు పెడతారు."

నేలలో ఉంటే హాని లేదు. ఆకుల మీద ఉంటే ఒక్కటీ మిగలదు. ఒక్క వాక్యం మారిస్తే చాలు, ఎప్పటిలాగే అతనికి తెలియను కూడా తెలియదు.

దుఃఖం ముంచుకొచ్చింది. ఆ గుడ్లంటే ఆమెకి ప్రాణం. కానీ పేరు అతనిదైనప్పుడు తప్పూ అతని పేరు మీదే ఉండాలి.

చలికాలమంతా నేలలో ఉంటుందని, ఒక్క అక్షరం మార్చకుండా కొట్టింది.